బొంతకరక గట్టు నీటి పుస్తకం

తెర 38, చైత్రం 9

ఉదయం మంచు పలచగా ఉంది. గాలి తూర్పు నుంచి. తెల్లవారగానే ఆరు మంచువలలూ విప్పి, దుమ్ము దులిపి, మళ్లీ కట్టాను. మూడో వలలో చిరుగు ఉంటే నారతో కుట్టాను. వలల నుంచి పదకొండు బిందెల నీళ్లు దిగాయి. పదకొండు మాన్లకూ తలా ఒకటి పోశాను.

మధ్యాహ్నం ఫిరోజా మేడం మొలక గది తలుపు తెరిచారు. ఈ గట్టుకు ఆవిడే పెద్ద. మొక్కల చదువు చదివారు. నేను నీరటిని. నీళ్లు పట్టడం, పంచడం, రాయడం నా పని. బడికి పోలేదు. విత్తనాల సీసాల మీద అంటించిన చీటీలు చూసి అక్షరాలు నేర్చుకున్నాను.

నిరుడు నాటిన గింజలు నాలుగు వందలు. ప్రతి పళ్లెమూ ఆవిడే చూశారు. చూసి, "ఎన్ని, సుంకన్నా?" అని నన్ను అడిగారు.

"ఏమీ లేదు మేడం."

"అట్లా రాయొద్దు. సున్న అని రాయండి. ఏమీ లేదంటే ఏడుపొస్తాది."

మొలకలు: సున్న.

సాయంత్రం వంతుల సభ నుంచి ఉత్తరం వచ్చింది. మేఘాలను ఏ నెలలో ఏ ఊరి మీదికి తోలాలో తేల్చేది ఆ సభే. మొలక రాని గట్టుకు ఏడాదికి మూడు వాన వంతులు ఎందుకని అడిగారు. ఆషాఢం 2న విచారణ. వంతులు పోతే మంచువలల నీళ్లతో మాన్లు ఒక వేసవి గడుపుతాయి. రెండోది గడపలేవు. బొంతకరక అనే చెట్లు లోకంలో ఈ పదకొండే ఉన్నాయి. బెరడు అతుకుల బొంతలా ఉంటుందని ఆ పేరు. అన్నీ ముసలివి. కంచె కట్టిన తెర 7 తర్వాత ఇక్కడ ఒక్క పిల్ల మొక్క కూడా లేవలేదు.

గొయ్యి: రాలిన కాయలు కాల్చాను.

తొట్టి మట్టం: 14 జానలు.

చైత్రం 14

మంచు లేదు. ఆకాశం పాలవిరుగుడు రంగులో ఉంది. ఎండ తగ్గించడానికి ఆకాశానికి తెర కట్టి, ఏళ్లు దాని నుంచే లెక్కపెట్టడం మొదలైనప్పుడు నాకు ఆరేళ్లు. నీలం ఆకాశం కొద్దిగా గుర్తుంది. తొట్టి మూత తుడిచాను.

తొమ్మిదో తేదీ కింద గొయ్యి గురించి రాసింది నిజం కాదు.

కొమ్మ మీద నుంచి చేత్తో కోసిన కాయనే విత్తనానికి వాడాలని, నేలను తాకిన కాయకు తెగులు అంటి ఉంటుంది కాబట్టి గొయ్యిలో కాల్చాలని గట్టు నియమం. మొదట్లో నేనూ కాల్చాను. ఆ పొగ తియ్యగా ఉండేది. పండిన కాయను కాల్చడం తర్వాత నాకు చేతకాలేదు. పదకొండేళ్లుగా రాలిన కాయలను గంపకెత్తి, కంచె దాటించి, మారెక్క మేకలకు వేస్తున్నాను. పుస్తకంలో మాత్రం కాల్చానని రాస్తున్నాను.

మారెక్క గట్టు కింద ఉంటుంది. పాలూ మాంసమూ కాగుల్లో పెంచడం మొదలయ్యాక మేకలతో ఎవరికీ పని లేకపోయింది. ఈ చుట్టుపక్కల మేకలు ఉంచుకొనే అనుమతి ఉన్న చివరి మనిషి ఆమె. ఇరవై మూడు మేకలు. ఒక్కొక్క దాని చెవికి ఒక బిళ్ల. అవి కంచెకు వంద అడుగుల లోపలికి రాకూడదు. కంచె మీద బోర్డు ఉంది: "మేక మొక్కకు శత్రువు."

ఈ రోజు గంపతో వెళ్లేసరికి ఆమె గడప దగ్గరే కూర్చుని ఉంది.

"వచ్చినావా నీరటయ్యా! నా బిడ్డలు పొద్దుటి నుంచి నీ దారే సూస్తాండాయి. మొగుని కోసం గూడా నేనెప్పుడూ అట్లా సూడలా."

గంప దించాను.

"నోరు తెరువప్పా. గంప దించితే మాట్లాడినట్లు కాదు."

"ఈసారి కాయ బాగా పండింది" అన్నాను.

"అబ్బో, నాలుగు మాటలే! ఈపొద్దు వాన పడతాదేమో."

మేకలు కాయల మీద పడ్డాయి. మారెక్క నడుం పట్టుకుని లేచింది. "రేపు పాతదొడ్డి బాగు సేసుకోవల్ల. ఏటేటా అదే పీకులాట. ఏం మొక్కలో ఏమో, అంతా వగరు, మేకలు నోరు పెట్టవు. వేరు సూస్తే మొండి. పీకి పీకి నా నడుం పోయింది. పొయ్యిలోకి మాత్రం బాగా పనికొస్తాయిలే."

నేను ఊరికే దొడ్డి వైపు చూశాను. తర్వాత లేచి దగ్గరికి వెళ్లాను.

మోకాలెత్తు మొక్కలు. ఆకు అడుగున తెల్లటి నూగు. కాడ మొదట్లో రెండు గుండ్రటి బుడిపెలు. పందొమ్మిదేళ్లుగా రోజూ చూసే ఆకు అది. ఇంత లేతగా ఎప్పుడూ చూడలేదు. పదిహేడు ఉన్నాయి.

"ఇవి ఎప్పటి నుంచి మొలుస్తున్నాయి మారెక్కా?"

"ఎప్పటి నుంచంటే... నువ్వు గంప తేబట్టినాక."

"పీకొద్దు."

"ఎందుకు?"

చెప్పలేదు. ఆమె నా ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. అది ఆమెకు అలవాటు లేని పని.

తొట్టి మట్టం: 13 జానలు.

చైత్రం 15

ఎండ. వలలు దులిపాను. మేడంకు చెప్పలేదు.

తొట్టి మట్టం: 13 జానలు.

చైత్రం 16

ఎండ. రెండో మానుకు పాదు చేశాను. చెప్పలేదు.

తొట్టి మట్టం: 13 జానలకు రెండు వేళ్లు తక్కువ.

చైత్రం 18

పొద్దున మంచు బాగా పట్టింది. పద్నాలుగు బిందెలు.

పాత పుస్తకాల పెట్టె దించాను. నాకు ముందు ఇక్కడ నీరటిగా ఉన్న కుళ్లాయప్ప రాసినవి. చెదలు కొంత తిన్నాయి. తెర 2 చైత్రంలో ఇలా ఉంది: "మాన్ల కింద రెండు రాత్రులు మంద కట్టించాను. నూటిరవై మేకలు." తెర 3లోనూ ఉంది. 4లో, 5లో, 6లో ఉంది, ప్రతిసారీ కింద మొలకల లెక్కతో. ఎరువు కోసం పొలంలో రాత్రిపూట మందను ఆపించుకోవడం అప్పటి రైతుల పద్ధతి. ఈ గట్టూ అప్పుడు ఎవరిదో పొలమే. తెర 7లో కంచె కట్టారు. ఆ తర్వాత మంద అనే మాట పుస్తకంలో లేదు. మొలక అనే మాటా లేదు.

తెర వల్ల వెలుగు తగ్గి మొలకలు ఆగాయని అందరూ అనుకున్నాం. తెర, కంచె ఇంచుమించు ఒకే కాలంలో వచ్చాయి.

రెండు పుస్తకాలు పట్టుకుని మేడం గదికి వెళ్లాను. కుళ్లాయప్పది ముందు పెట్టాను. ఆవిడ చదివారు. తర్వాత నాది తెరిచి పద్నాలుగో తేదీ చూపించాను. అదీ చదివారు.

"పదకొండేళ్లు కాల్చినానని రాసినారు."

"అవును మేడం."

"కాల్చలేదు."

"లేదు."

"ఎవరి లెక్క తప్పినా సుంకన్న పుస్తకం తప్పదని సభలో చెప్పినాను నేను. నా నివేదికలన్నీ ఈ పుస్తకం మీదే నిలబడినాయి. ఇప్పుడు మేకల వల్లే మొలిచిందని సభకు చెప్పాలంటే, ఈ కాయలు అక్కడికి ఎట్లా పోయినాయో చెప్పాల. అది చెప్తే వాళ్లు అడిగే మొదటి మాటేందో తెలుసునా? అబద్ధాలు రాసేవాని లెక్క మాకెందుకంటారు."

పుస్తకం మూయబోతే ఆవిడ పుట మీద వేలు పెట్టారు. నిలబడ్డాను.

"ఎన్ని మొక్కలన్నారు?"

"పదిహేడు."

ఆవిడ చెప్పులు వెతుక్కోకుండానే బయటికి నడిచారు.

పాతదొడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని, ఎరువు మట్టిని వేళ్లతో జల్లించడం మొదలుపెట్టారు. మారెక్క తడిక పట్టుకుని చూసింది.

"ఎవురబ్బా ఈ పిల్ల? పెంటలో దొర్లుతాండాది."

"మా మేడం" అన్నాను.

"ఓహో. బోర్డు మేడమా!"

మేడం ఒక గింజ పైకెత్తి చూపించారు. పెంకు నునుపుగా, పలచగా ఉంది. "అక్కా, ఇవి పేడలో పడినాయా?"

"అంత పెద్ద గింజ మేక కడుపులో నుంచి ఎట్లా దిగుతాదమ్మా? పగలు కాయ మింగుతాది. రాత్రికి దొడ్లో పండుకోని నెమరేస్తాది. కండ కిందికి, గింజ బయటికి. తుపుక్కున ఊంచుతాది. పొద్దున్నే ఊడ్చేది నేను గదా, నాకు తెలీదా?"

"ఇది ఎవరికైనా చెప్పినావా?"

"ఎవురడిగినారు? మీరు అడిగేది ఒకటే. బిళ్లలు ఇరవై మూడూ ఉండాయా, లేవా అని."

మేడం గింజను చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. మనం ఆసిడ్‌లో నానబెట్టాం, వేడినీళ్లలో నానబెట్టాం, ఆకురాయితో అరగదీశాం అని తనలో తాను అనుకున్నారు. మేక కడుపులో ఒక పగలంతా నానాలన్నది మనకు తట్టలేదు అన్నారు.

తర్వాత మారెక్కతో, "అక్కా, విచారణ లోపల నాకు నీ మేకలు కావాల. నీ ముందర, నా ముందర, లెక్కపెట్టి మళ్లీ చేయాల" అన్నారు.

"సేద్దాం. ముందు ఆ బోర్డు పీకెయ్యి. నా బిడ్డలు రోజూ దాని ముందర నిలబడి మేస్తాండాయి. సదువు రాదు గాబట్టి సరిపోయింది."

"ఆ బోర్డు నేను పెట్టింది కాదక్కా. నాకంటే ముందుది."

"మరి ఏటేటా దానికి రంగు ఎవురు పూస్తాండారు?"

మేడం నా వైపు చూశారు.

"నేనే" అన్నాను.

మారెక్క పకపకా నవ్వింది. మేడం కూడా నవ్వారు. సాయంత్రం బోర్డు పీకాను. వెనుక వైపు చెక్క బాగానే ఉంది. దాచాను.

తొట్టి మట్టం: 13 జానలు.

చైత్రం 24

ఎండ. మాన్లకు తీగతో కట్టిన అంకెల బిళ్లలు బిగించాను.

మూడు మళ్లు నాటాం. ఒక్కొక్క దాంట్లో వంద గింజలు. మొదటి మడిలో నియమం ప్రకారం చేత్తో కోసి కడిగినవి. రెండో మడిలో నేలరాలిన కాయల నుంచి తీసినవి. మూడో మడిలో మారెక్క మేకలు నెమరేసి ఉమ్మినవి. ఆ వంద గింజలూ ఏరడానికి మేడంకు మూడు ఉదయాలు పట్టింది.

లెక్క ముగ్గురం వేరువేరుగా పెట్టాలని, ఒకరిది ఒకరు చూడకూడదని మేడం అన్నారు. మేడం యంత్రంలో రాస్తారు. నేను ఈ పుస్తకంలో. మారెక్కకు అంకెలు రావు. ఒక మొలకకు ఒక గులకరాయి చొప్పున డబ్బాలో వేస్తానంది. "మేకలనూ అట్లనే లెక్క పెట్టుకుంటా. మీ బిళ్లలకంటే ముందు నుంచీ" అంది.

కాయల కాలం అయిపోవచ్చింది. మిగిలిన రాలినవి నీడలో ఆరబోశాను. కాల్చలేదు. ఇది నిజం.

తొట్టి మట్టం: 12 జానలు.

వైశాఖం 20

వడగాలి. ఆరు రోజులుగా మంచు లేదు. వలలు ఎండిన తోలులా చప్పుడు చేస్తున్నాయి. అయినా దులిపాను.

విచారణ అయ్యేదాకా మన వాన వంతు ఆపుతున్నట్లు సభ కబురు పంపింది. మాన్లకు రోజుకు అరబిందెకు తగ్గించాను. ఏడో మాను ఆకు రాలుస్తోంది. మళ్లకు నీళ్లు ఆపితే మాన్లకు ఇంకో పది రోజులు వస్తుంది. మాన్లకు ఆపితే మళ్లకు వస్తుంది. నిన్న మేడంను అడిగాను.

"మీరేమంటారు?" అని ఆవిడ నన్నే అడిగారు. ఈ పందొమ్మిదేళ్లలో నన్ను ఎవరూ అలా అడగలేదు.

"ఏడో మాను ఓర్చుకుంటుంది. దానికి వేరు లోతు. మళ్లు ఓర్చుకోలేవు."

మళ్లకే పోశాను. రాత్రంతా అది సరైనదేనా అని అనిపించింది. ఉదయం చూస్తే కంచె దగ్గర రెండు బిందెల నీళ్లు ఉన్నాయి. మారెక్క మేకల తొట్టి నుంచి మోసింది. "ఒకపూట తాగకుంటే సచ్చిపోవులే. కాయలు తిన్నాయి గదా" అంది.

మొలకలు: మూడు మళ్లలోనూ సున్న.

తొట్టి మట్టం: 5 జానలు.

జ్యేష్ఠం 3

ఉక్క. వల తాళ్లు మార్చాను. నలభై రోజులైంది. సున్న.

వేలితో మట్టి తవ్వి చూద్దామని మూడో మడి దగ్గర కూర్చున్నాను. మేడం కిటికీలోంచి, "సుంకన్నా, చేతులు వెనక్కి!" అని అరిచారు.

తొట్టి మట్టం: 3 జానలు.

జ్యేష్ఠం 6

కొద్దిగా మంచు. నాలుగు బిందెలు. వలలు దులపడానికి పోతూ మళ్లు చూశాను.

మూడో మడి, నాలుగో వరుస. మట్టి చిన్న గూడులా లేచి ఉంది. కింద వంగిన తెల్లటి కాడ, తల ఇంకా పెంకులోనే ఉంది. అక్కడే కూర్చున్నాను. ఎండ ముఖం మీదికి వచ్చేసరికి పెంకు ఊడింది.

మేడంను పిలవలేదు. లెక్క వేరువేరుగా పెట్టాలి కదా. కాసేపటికి ఆవిడే మళ్ల దగ్గరికి వచ్చారు, చూశారు, ఏమీ అనకుండా లోపలికి వెళ్లారు. మధ్యాహ్నం మారెక్క డబ్బాలో రాయి పడిన చప్పుడు అయింది. మేమిద్దరం చెరో వైపు నుంచి విన్నాం.

మొలకలు: మూడో మడి 1. మిగిలినవి సున్న.

తొట్టి మట్టం: 3 జానలు.

ఆషాఢం 2

మబ్బు, కానీ మన మబ్బు కాదు. ఎవరి వంతుకో ఉత్తరానికి పోతోంది. మాటపెట్టె మీద దుమ్ము తుడిచాను. విచారణ దాంట్లోనే జరిగింది.

మేడం అంతా చెప్పారు. నా సంగతి దాచలేదు. కంచె వేసిన తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు ఎవరం మేకలవాళ్లను ఒక్క మాట అడగలేదని, ఆ తప్పులో తనకూ వాటా ఉందని చెప్పారు.

సభ పెద్ద ఒక ముసలావిడ. గొంతు నెమ్మది. "నీరటి ఉన్నాడా? అబద్ధం రాసిన మనిషి లెక్కను మేం ఎందుకు నమ్మాల నాయనా?"

నిన్నటి నుంచి పెద్ద జవాబు ఒకటి తయారు చేసుకున్నాను. అది గుర్తు రాలేదు.

"నమ్మొద్దండి" అన్నాను. "మారెక్క డబ్బా చూడండి."

మారెక్క డబ్బాను మాటపెట్టె ముందు బోర్లించింది. రాళ్లు గలగలా పడ్డాయి. సభ పెద్దే ఒక్కొక్కటి లెక్కపెట్టించింది. మొదటి మడికి వేరుగా కట్టిన గుడ్డలో ఏమీ లేదు. రెండో దాంట్లో ఒకటే రాయి. మూడో మడి రాళ్లు అరవై ఒకటి. తర్వాత మేడం యంత్రం చదివించారు, తర్వాత నా పుస్తకం. సున్న, ఒకటి, అరవై ఒకటి. మూడు చోట్లా అంతే.

"ఆ మేకలామె ఇంకేమైనా చెప్తుందా?"

"సెప్తాను. ఏటేటా మీ మొక్కలు పొయ్యిలో పెట్టినాను తల్లీ. రుచి లేని పొగ. నాకేం తెలుసు? ఇంగ పెట్టను" అంది మారెక్క.

పెట్టెలో ఎవరో నవ్వారు. కొంతసేపటికి తీర్పు వచ్చింది. ఈ నెల పన్నెండున ఒక వాన వంతు. మిగిలిన రెండు వంతుల సంగతి వచ్చే ఏడు వాళ్ల మనుషులు వచ్చి చూశాక. మేకలు రెండు రాత్రులు కంచె లోపల ఉండవచ్చు. నీరటిని తీసివేయలేదు. కానీ ఇకపై పుస్తకంలో ప్రతి పుటనూ మారెక్కకు చదివి వినిపించి, కింద ఆమె వేలిముద్ర తీసుకోవాలి.

"అంటే నువ్వు రోజూ నాతో మాట్లాడల్ల!" అంది మారెక్క. "పాపం, దండన గట్టిగానే ఏసినారు."

తొట్టి మట్టం: 2 జానలు.

(వేలిముద్ర)

ఆషాఢం 9

గాలి పడమర నుంచి. మొన్న ద్వారం కీలుకు నూనె వేశాను. ముప్పై ఒక్క ఏళ్లలో మేకల కోసం తెరవడం ఇదే మొదలు.

ఆరబోసిన కాయలను నాలుగో మాను, ఆరో మాను, ఏడో మాను కింద పోశాను. మొన్న రాత్రీ, నిన్న రాత్రీ మంద అక్కడే పడుకుంది. మళ్లలోని మొక్కల చుట్టూ తడికలు కట్టాను. అయినా ఒక మేక మేడం టోపీ అంచు తినేసింది. "మొక్క కాదు గదా, దానికి నియమం లేదు" అంది మారెక్క. ఆమె చెబితే ఇది రాశాను. రాయకపోతే వేలిముద్ర వేయనంది.

దాచిన బోర్డును వెనక్కి తిప్పి, ద్వారం దగ్గర మేకలు నీళ్లు తాగే తొట్టికి మూతగా పెట్టాను.

తొట్టి మట్టం: 2 జానలకు తక్కువ.

(వేలిముద్ర)

ఆషాఢం 12

వాన. మన వంతు. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా కురిసింది. కాలువ మూతలన్నీ తీశాను. ఏడో మాను కింద గొడుగు లేకుండా నిలబడ్డాను. మారెక్క ఇది కూడా రాయమంది.

తొట్టి మట్టం: 11 జానలు.

(వేలిముద్ర)

శ్రావణం 22

మంచు దట్టంగా పట్టింది. పద్దెనిమిది బిందెలు. ఉదయం ఆరు వలలూ దులిపాను. మళ్లలోని అరవై రెండు మొక్కలకు, పాతదొడ్డిలోని పదిహేడింటికి నీళ్లు పోశాను. ఏడో మాను చిగురు వేస్తోంది. మేడం కొత్త టోపీతో పేట నుంచి వచ్చారు.

మంద ఉన్న చోట గడ్డి కలుపు తీద్దామని నాలుగో మాను కిందికి వెళ్లాను. మొదటి దాన్ని పీకబోయి ఆగాను. కాడ తెల్లగా వంగి ఉంది. తల మీద పెంకు.

మడిలో కాదు, పళ్లెంలో కాదు, మాను కిందే. కొడవలి దూరంగా పెట్టి మేడంను కేకేశాను. ఇంత గట్టిగా అరవడం నాకు వచ్చని తెలియదు. మారెక్క గట్టు కింది నుంచి డబ్బా తీసుకుని వచ్చింది. మేడం అప్పటి నుంచి నేల మీదే ఉన్నారు. ముగ్గురం వేరువేరుగా లెక్క పెడుతున్నాం. నేను రాసుకోవడానికి లోపలికి వచ్చాను.

నాలుగో మాను కింద ఇప్పటికి ఇరవై ఆరు. ఏడో మాను కింద ఇంకా చూడలేదు. ఆరో మాను కింద పందొమ్మిది, కానీ మారెక్క ఒప్పుకోవడం లేదు. బయటి నుంచి అరుస్తోంది.

"నీరటయ్యో! రాసింది సాలు, రా! నా దగ్గర రాళ్లు అయిపోయినాయి! ఇంకా లేస్తానే ఉండాయి!"

వస్తున్నా అన్నాను.

తొట్టి మట్టం: